ఆగి ఆగి వస్తున్న చప్పుడు

స్కాన్ ఉన్న మంగళవారం ఆమె పొద్దున్నే లేచి రెండు పూటలకీ వంట చేసిపెట్టి మరీ బయలుదేరేది. పూర్తి విశ్రాంతి కావాలని డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది, వండుతున్నంతసేపూ కళ్లెదురుగానే. "కడుపొస్తే కాళ్లు పడిపోతాయా? నేను నలుగుర్ని కన్నాను. బొడ్డుతాడులో నెత్తురెలా పారుతోందో ఒక్కసారైనా చూపించుకున్నానా?" అనేది అత్తగారు. అందులో అబద్ధం లేదు. ఆవిణ్ణీ ఎవరూ పట్టించుకుని చూసి ఉండరు.

బీపీ పెరిగినప్పటి నుంచీ వారం వారం ఈ డాప్లర్ స్కానే. కడుపు మీద చల్లటి జిగురు రాసి పరికరం ఆనిస్తే, బిడ్డకూ మాయకూ మధ్య తిరిగే నెత్తురు హోరుమని వినబడేది, అలను అల తరుముకొస్తున్నట్టు. ఐదు వారాల్లో ఆమెకు ఆ చప్పుడు కంఠతా వచ్చేసింది. ఇవాళ అలా లేదు. అయిపోవచ్చిన పంపునీళ్లలా వచ్చి, ఆగి, మళ్లీ వస్తోంది. డాక్టరమ్మ నోరు విప్పకముందే ఆమె దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

"గుండె టకటకా కొట్టుకుంటోందిగా, ఇంకేం" అన్నాడు పక్కన నిలబడ్డ భర్త.

"కొట్టుకుంటోంది. కానీ ఒకసారి కొట్టుకుని మళ్లీ కొట్టుకునేలోపు తాడులో నెత్తురు ఆగిపోతోంది. ఇవాళే చేర్చాలి. రోజూ చూస్తూ, అవసరమైతే ముందే కాన్పు చేసేయాలి." డాక్టరమ్మ ఇదంతా అతనికేసి చూసే చెప్పింది.

"ఆదివారం ఇంటికి ఇరవైమంది వస్తున్నారండీ. సోమవారం చేరిస్తే..."

"నన్నడగండి డాక్టరమ్మా" అంది ఆమె బల్ల మీద నుంచే. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "కడుపు నాది. ఇవాళే చేరతాను."

భర్త వంగి గొంతు తగ్గించాడు. "మొదటి కాన్పులోనూ ఇలాగే కంగారుపడ్డావు."

"పడ్డాను. బిడ్డ కదలట్లేదంటే, పడుకో, పొద్దున చూద్దాం అన్నారు. పడుకున్నాను. పొద్దున చూశాంగా."

అంతలో ఇంటి నుంచి ఫోను. తల్లికి ఇష్టంలేని మాట ఏదైనా ఆమె చేతే చెప్పించడం అతనికి అలవాటు; ఫోను ఆమెకిచ్చాడు.

"నేను ఇంటికి రావట్లేదు అత్తయ్యా. ఆసుపత్రిలో చేరుతున్నాను."

"మరి ఇరవైమందికీ ఎవరే వండేది?"

"మీ అబ్బాయి ఇక్కడ ఖాళీగానే నిలబడ్డారు అత్తయ్యా. పంపిస్తున్నాను."