పేరు లేని మాత్రలు

మందుల షాపులో పన్నెండేళ్ళ సర్వీసు నాది. నోరున్న మనిషినని పేరు. డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగినవాళ్ళని అక్కడే నిలబెట్టి కడిగేస్తాను. "సల్ఫా అంటే ఏమనుకున్నారు? సూక్ష్మజీవి పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ సొంతంగా తయారుచేసుకోవాలి. ఈ మాత్ర ఆ పనికి అడ్డం పడుతుంది. మనకది తిండిలో వస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. కానీ కొందరి ఒంటికి సల్ఫా అసలు పడదు. పడకపోతే చర్మం ఊడొస్తుంది, ప్రాణం మీదికొస్తుంది" అని పాఠం చెబుతాను.

ఆ మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. "మీ అక్కకి ఒళ్ళు కాలిపోతోంది. నోరంతా పుండ్లు. ఒకసారి రామ్మా."

పరుగున వెళ్ళాను. అక్క కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. మెడ మీదా గుండెల మీదా ఎర్రటి మచ్చలు. చెయ్యి వెయ్యబోతే "ముట్టుకోకే, మంట" అంది.

"ఏం మందు వేసుకున్నావు?"

"ఒంటేలుకి మంటగా ఉందని డబ్బాలో తెల్ల మాత్రలుంటే వేసుకున్నా. మూడు రోజులైంది."

మిగిలిన మందులన్నీ పడేసే బిస్కెట్ డబ్బా అది. అందులో ఖాళీ స్ట్రిప్పు ముక్క దొరికింది.

"దీనిమీద పేరే లేదు. ఏ మందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు బావ.

నాకు తెలిసింది. ముక్క అంచున చిన్న నొక్కు. నా కత్తెర మొన విరిగినప్పట్నించీ నేను కోసిన ప్రతి ముక్కకీ ఆ నొక్కు పడుతోంది. పేరూ తేదీ ఉన్న కొస షాపులో మిగిలేలా కోయడం మా అలవాటు. మాకు సుఖం, కొన్నవాళ్ళకి గుడ్డి మందు. కిందటి నెల బావ కాలిమీద గడ్డకి ఈ సల్ఫా ఇచ్చింది నేనే. చీటీ లేకుండా, మనవాడేగా అని. చిన్నప్పుడు సల్ఫా పడక అక్క ఒళ్ళంతా దద్దుర్లు తేలిన సంగతి నాకు గుర్తులేక కాదు. మందు బావకి కదా అనుకున్నాను. సిగ్గులేని దాన్ని!

ఆస్పత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం మందు వాడారు? అది తెలియాలి."

"ఏదో డబ్బాలో దొరికిందండీ" అన్నాడు బావ, నావైపు చూడకుండా. అతనికి అర్థమైపోయిందన్నమాట. ఆ మాట వెనకే దాక్కుంటే నా ఉద్యోగం నిలిచేది.

"సల్ఫా" అన్నాను. "చిన్నప్పుడే పడలేదు. ఆ మాత్రలు మా బావకి ఇచ్చింది నేనే, చీటీ లేకుండా."

ఆవిడ నన్ను తిట్టలేదు. గబగబా రాసుకుని, చర్మం ఊడేవాళ్ళకీ అక్కడే వైద్యమంటూ కాలిన గాయాలవాళ్ళని చూసే వార్డుకి పంపించింది. బతుకుతుందా అని అడిగితే, ఈ నాలుగు రోజులూ గడవాలంది.

సాయంత్రం నర్సు సూది మందు తెచ్చింది. అక్క చెయ్యి వెనక్కి లాక్కుని, వాచిన కళ్ళతో నాకోసం వెతికింది.

"ఇది నాకు పడుతుందా? నువ్వు చెప్పవే" అంది.

నర్సు చేతిలోంచి మందు సీసా తీసుకుని, దానిమీది పేరు పైకి చదివాను.