ఊటలో చక్రం

ఆ బండిని ఇంట్లో ఎవరూ బండి అనలేదు. అమ్మ మొదటి రోజే దానికి మిడత అని పేరు పెట్టింది. ఆ పేరులో తప్పేమీ లేదు. అందరి మోటార్ సైకిళ్ళకీ ముందు చక్రాన్ని పట్టుకుని రెండు గొట్టాలుంటాయి. దీనికి ఆ గొట్టాలే లేవు. వెనక చక్రానికి ఉన్నట్టే ముందు చక్రానికి కూడా ఇంజను దగ్గర నుంచి చాచిన చేతులుండేవి. పెట్రోలు ట్యాంకు ఉండవలసిన చోట గాలి వడపోత ఉండేది, పెట్రోలేమో సీటు కింద. ఆ సీటు, బండి కొనుక్కున్న చిన్నకూతురి నడుముకంటే ఎత్తు. మోకాళ్ళు ముడుచుకుని ఎగరబోతున్న పురుగులాగే ఉండేది.

"ఇంతకంటే గాడిదని కొనుక్కోవలసింది. కనీసం దాని కంపు మనకి తెలిసిన కంపు," అంది అమ్మ ముక్కు మూసుకుని.

కూతురు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసేది. పొద్దస్తమానం ఎవరెవరివో నోళ్ళ అచ్చులు, మైనం, గులాబీ రంగు చిగుళ్ళు. బండి పక్క మూత పగిలితే ఆ చిగుళ్ళు పోసే ముద్దతోనే అతికించుకుంది. అది చూసి బావ పడీ పడీ నవ్వాడు.

"ఏం మరదలా, నీ బండికి పళ్ళెప్పుడు మొలుస్తాయి?"

బావంటే అక్క మొగుడు. బాత్రూం టైల్స్ షోరూం ఉంది. నవ్వినా, తుమ్మినా, ఫోన్లో మాట్లాడినా వీధి చివరకి వినిపించే మనిషి. ఆయన ఏమన్నా ఆమె పట్టించుకునేది కాదు. ఆ బండి ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఊళ్ళో దాన్ని నడపడం నరకం. సిగ్నల్ దగ్గర వేడెక్కి ఆగిపోతుంది, మళ్ళీ లేవాలంటే బతిమాలాలి. తయారుచేసిన కంపెనీ ఆ మోడలునే మానేసింది కనక విడి భాగాలు దొరకవు. నాలుగుసార్లు తిరిగితే చాలు, ఆయిల్ మార్చమంటుంది. కానీ రాళ్ళ మీదకి ఎక్కించాక అది వేరే జంతువు. బ్రేకు నొక్కితే మిగతా బళ్ళలా ముక్కు నేలకి కొట్టుకోదు, నిటారుగా నిలబడే ఆగుతుంది. మణికట్టు కొంచెం తిప్పితే తాడు తెంపుకున్న దూడలా ముందుకి గెంతుతుంది. వారమంతా ఇతరుల నోళ్ళతో గడిపే ఆమెకి ఆ గెంతే ఊపిరి.

పాడుబడ్డ క్వారీ వెనక నిట్టనిలువు వాలును ఆమె ఒక్క ఊపులో ఎక్కడం బావ ఓసారి చూశాడు. అంతే, మర్నాటి నుంచి స్వరం మారిపోయింది. తనూ ఓ పెద్ద బండి కొన్నాడు, ఒంటినిండా దీపాలే. జిమ్ము నడిపే స్నేహితుడొకడు, వాడి వెంట ఇంకో ఇద్దరు తోడయ్యారు.

"ఆదివారం కొండవాగు ఎక్కుదాం. దారి నువ్వే చూపించాలి. మేం నీ వెనకే," అన్నాడు. తన దగ్గరున్న కెమెరాల్లో ఒకటి ఆమె హెల్మెట్ మీద బిగించాడు కూడా. ఎగతాళి చేసిన నోళ్ళే ముందు నడవమంటుంటే ఆమెకి లోపల సంతోషంగానే ఉండింది. సరేనంది.

ఆ ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. వాగు చాలామటుకు ఎండిపోయి ఉంది. తలకాయలంత రాళ్ళు, మధ్యమధ్య పాచి పట్టిన బండలు. ఫుట్‌పెగ్గుల మీద నిలబడి, మోకాళ్ళతో బండిని వదులుగా పట్టుకుని, చక్రం ఎటు జారితే అటు జారనిస్తూ ఆమె ఎక్కింది. వెనకవాళ్ళు పడుతున్నారు, లేస్తున్నారు, బూతులు తిట్టుకుంటున్నారు. పైకి వెళ్ళేకొద్దీ దారి ఇరుకైంది. ఆఖర్న మోకాలెత్తు మెట్టులాంటి బండ. ఆమె ఆగలేదు. క్లచ్ వదిలి, మిడతని మిడతలాగే ఎగరేసింది. ముందు చక్రం అవతల మెత్తగా ఎక్కడో దిగింది. నీళ్ళు ఎగిరి ముఖానికి కొట్టాయి. చల్లటి నీళ్ళు.

గట్టెక్కాక వెనక్కి తిరిగి చూసింది. అది గుంట కాదు. చుట్టూ రాళ్ళు పేర్చి, అడుగున గులకరాళ్ళు పరిచిన ఊట. ఓ మూల నుంచి నల్లటి పైపు కిందకి, చెట్ల మధ్య కనిపిస్తున్న ఇళ్ళవైపు పోతోంది. ఆమె చక్రం పేర్చిన రాళ్ళని రెండుగా చీల్చేసింది. అద్దంలా ఉండవలసిన నీళ్ళలో బురద పొగలా లేస్తోంది.

"ఆగండి! ఇది తాగే నీళ్ళు! పక్కనుంచి రండి!" అని అరిచింది.

వాళ్ళకి వినబడింది. అదే ఆమె తర్వాత మరిచిపోలేకపోయిన సంగతి. ఇంజన్లు గుడగుడమంటున్నా వాళ్ళకి వినబడింది, ఎందుకంటే బావ చెయ్యెత్తి ఊపాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు అందులోకే దిగారు. జిమ్మువాడు నీళ్ళ మధ్యలో ఆపి, ముందు బ్రేకు పట్టుకుని వెనక చక్రాన్ని అక్కడికక్కడే తిప్పాడు. బురద ఫౌంటెన్‌లా లేచింది. "తీశావా, తీశావా?" అని బావని అడుగుతూనే ఉన్నాడు. పైపు ఫట్‌మని ఊడింది. ఊటంతా చిక్కటి గోధుమరంగు ముద్దలా అయిపోయి, దాని మీద నూనె తెట్టు రంగులు తేలుతూ నిలిచింది.

ఆ తర్వాత జిమ్ము నడిపే ఆ మహానుభావుడు బండి దిగి, జిప్పు లాగి, ఆ నీళ్ళలోకే పోశాడు.

"ఎలాగూ పాడైందిగా," అన్నాడు.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె హెల్మెట్ తీసి పారేసి గట్టు మీద కూలబడింది. నవ్వే ఆ నోళ్ళని చూడబుద్ధి కాలేదు. వందల నోళ్ళు చూసిన మనిషి. పుచ్చినవి, చీము పట్టినవి, ఊడినవి. వాటిలో ఒక్కటీ ఇంత రోత పుట్టించలేదు.

కింది నుంచి ఓ పెద్దావిడ చేతిలో డబ్బాతో ఎక్కి వచ్చింది. కుళాయిలో మట్టి వచ్చినట్టుంది, చూడ్డానికొచ్చింది. ఊటని చూసింది. బళ్ళని చూసింది. వంగి రెండు వేళ్ళు ముంచి వాసన చూసుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"ఇంట్లో పసిపిల్ల ఉంది," అని మాత్రం అంది.

బావ తగుదునమ్మా అని తన సంచిలోంచి సీసా తీశాడు. సగం తాగిన మినరల్ వాటర్. "ప్రస్తుతానికి ఇవి పట్టండమ్మా," అని అందించాడు.

పెద్దావిడ సీసా పుచ్చుకుంది. మూత తీసి, ఆ నీళ్ళతో తన రెండు వేళ్ళూ కడుక్కుని, ఖాళీ సీసా ఆయన చేతికే ఇచ్చేసింది.

"దిగి తోడండి బావా," అంది ఆమె. "అందరం చేస్తే అరపూటలో అయిపోతుంది."

"నీకేమన్నా పిచ్చా? పైన ఇంకా బోలెడు దారుంది. వాగన్నాక పందులు దొర్లవా, కోతులు పోయవా?"

"పందులకి తెలీదు. నీకు తెలుసు."

ఆమె ఎన్నడూ బావని నువ్వు అనలేదు. ఆయన ముఖం ఎర్రబడింది.

"మొదట దూకిందెవరు? నీ చక్రమే కదా!"

అది నిజమే. వాళ్ళు బళ్ళు లేపుకుని పైకి పోయారు.

ఆమె బూట్లు విప్పి, హెల్మెట్‌తో నీళ్ళు తోడబోయింది. పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ చెమట టోపీ ముంచకు. ఇంకా మురికి చేస్తావా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పెద్దావిడ ఇచ్చిన డబ్బాతో తోడింది. బురదంతా ఎత్తిపోసి, గులకరాళ్ళు ఒక్కొక్కటీ రుద్ది, పడిపోయిన గోడ మళ్ళీ పేర్చారు. తన దగ్గరున్న పాత ట్యూబు కోసి, ఊడిన పైపుకి గట్టిగా చుట్టి కట్టింది. ఊట మాత్రం ఎవరి మీదా కోపం లేనట్టు సన్నగా ఊరుతూనే ఉంది. అయినా తేటపడాలంటే టైం పడుతుంది. రేపటిదాకా ముట్టుకోకూడదంది పెద్దావిడ. అందాకా అవతలి కొండ దిగి మోసుకురావాలట.

"నువ్వూ వాళ్ళతోనే వచ్చావా?"

"అవునమ్మా. ముందు వచ్చింది నేనే."

"తెలుసు. గట్టు మీద ముందు పడ్డ టైరు అచ్చు నీ బండిదే," అంది పెద్దావిడ. డబ్బా అందుకుని, "పని బానే చేశావు. మళ్ళీ మాత్రం రాకు," అంది.

మంచినీళ్ళు తాగి వెళ్ళమనలేదు. అక్కడ తాగడానికి నీళ్ళు లేవు.

వారం తిరిగేసరికి అక్క భోజనానికి పిలిచింది. అమ్మతో కలిసి వెళ్ళింది. బల్ల మీద అన్నీ వడ్డించి ఉన్నాయి, ఎదురుగా టీవీలో బావ తీసి నెట్‌లో పెట్టిన వీడియో. పాట పెట్టి, నీళ్ళు ఎగిరే చోట నెమ్మదిగా కదిలేలా చేశాడు. మిడత ఎగరడం, జిమ్మువాడి బురద ఫౌంటెన్. ఎంతమంది మెచ్చుకున్నారో చదివి వినిపిస్తున్నాడు. అక్క చప్పట్లు కొట్టింది. "మా చెల్లే కదూ అది! అమ్మా, చూడు, నీ మిడత ఎంత ఎగిరిందో!"

అమ్మ కూడా నవ్వింది. అంతవరకూ మాట్లాడకూడదనే అనుకుంది ఆమె. అమ్మ నవ్వడం చూశాక చేతిలో ముద్ద కంచంలో వదిలేసింది.

లేచి, బావకి తిరిగిచ్చేద్దామని తెచ్చిన హెల్మెట్ కెమెరాలోంచి చిప్పు తీసి టీవీకి పెట్టింది. తల మీద ఉన్నంతసేపూ, గట్టు మీద పడేశాక పక్కకి ఒరిగి కూడా, ఆ హెల్మెట్ ఊటవైపే చూస్తూ అంతా పట్టుకుంది. పాట లేదు. ఆమె అరుపు ఉంది. బావ చెయ్యి ఊపడం ఉంది. జిప్పు లాగిన చప్పుడు, పోసిన చప్పుడు, ఆ నవ్వు.

"తినేటప్పుడు ఏంటే ఈ గోల, ఆపు!" అన్నాడు బావ.

ఆమె ఆపలేదు. పెద్దావిడ వచ్చింది. వేళ్ళు ముంచింది. సీసా అందుకుంది. వేళ్ళు కడుక్కుంది.

అక్క భర్త వైపు తిరిగింది. "ఎంగిలి సీసా ఇచ్చావా ఆవిడకి?"

"అదేమన్నా పెద్ద..."

"ఎంగిలి సీసా ఇచ్చావా?"

మిగతాదంతా వదిలేసి అక్క అదొక్కటే పట్టుకుంది. అల్లుడి ముందు ఏనాడూ గొంతు పెంచని అమ్మ కంచం పక్కకి జరిపి లేచింది. "అల్లుడుగారూ, నాకింక సహించదు," అని చేతులు కడుక్కోడానికి వెళ్ళిపోయింది. కుళాయి కింద చాలాసేపు నిలబడింది.

బావ మర్నాడే తన వీడియో తీసేశాడు. సిగ్గుతోనా అంటే కాదు, అక్క మాట్లాడ్డం మానేసిందని. మూడోనాడు జిమ్మువాడు అదే వీడియో తన పేరుతో మళ్ళీ పెట్టాడు. ఈసారి మెప్పులు ఇంకా ఎక్కువ. తీసెయ్యమని ఆమె ఫోన్ చేస్తే, "మేడం, లైట్ తీసుకోండి," అని నవ్వాడు. అసలు సంగతంతా ఆ వీడియో కిందే ఆమె రాసింది. వాడు ఆ ముక్క చెరిపేశాడు. మళ్ళీ రాసింది, మళ్ళీ చెరిపేశాడు. ఇప్పటికీ అదే జరుగుతోంది.

బండి అమ్మేద్దామనుకుంది. ల్యాబులో ఒకాయన కొంటానన్నాడు కూడా. ఎక్కడ నడుపుతారని అడిగితే, "ఎక్కడ పడితే అక్కడ, దానికేం అడ్డు!" అన్నాడు. నవ్వుతుంటే బయటపడ్డ ఆయన పళ్ళు చూసి, అమ్మనని చెప్పేసింది.

మరుసటి ఆదివారం టార్పాలిన్ లాగి, మిడతని బయటకి తీసింది. బురద ఇంకా మూలల్లో ఎండి ఉంది. గీకి కడిగింది. కిక్ కొట్టగానే ఒక్క దెబ్బకి లేచింది. ఆ చప్పుడు పాదాల్లోంచి పైకి పాకింది, ఎప్పటిలాగే గుండె ఝల్లుమంది. ఇంత జరిగినా ఆ సంతోషం వెంట్రుకవాసి తగ్గలేదని తెలిసి ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. అయినా ఎక్కింది. కొండవైపు కాకుండా, నీటి చుక్క కూడా లేని పాత క్వారీ దారి పట్టింది.