మూడు కళ్ల ముక్క

బాపురావు సారుకు ఆ పాఠం మీద ఏనాడూ మోజు లేదు. జీవ పరిణామం. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో చిట్టచివరి పాఠం. ఎండలు మొదలై, పిల్లల ప్రాణాలు సెలవుల మీదికి పోయాక వస్తుంది. పరీక్షలో ఒక్క ప్రశ్న, అదీ వస్తే వచ్చినట్టు. తన చదువు రోజుల్లో ఆయన దాన్ని ఉర్దూలో బట్టీ పట్టాడు. రాష్ట్రం మారాక తెలుగులో బట్టీ పట్టిస్తున్నాడు. భాష మారింది గానీ బట్టీ మారలేదు.

ఈ పదేళ్లలో ఆ పాఠం మీద పిల్లలు ఆయన్ను అడిగింది ఒకే ప్రశ్న. "ఇది రాసుకోవాల్నా సార్?"

రాసుకోండి అనేవాడు. వారానికి ముప్పై నాలుగు పీరియడ్లు, మోకాళ్ల నొప్పులు, గొలుసు ఊడిపోయే సైకిలు. బోధన్ గాలిలో చక్కెర ఫ్యాక్టరీ చెరుకు ఆడే కాలమంతా ఉండే బెల్లపు వాసన కూడా ఆయనకు ముక్కున తగలడం మానేసింది. యాభై రెండేళ్లకే మనిషి అలా తయారయ్యాడు.

పంతొమ్మిది వందల అరవై ఆరు ఫిబ్రవరి చివర్లో, ఒక మధ్యాహ్నం, "తట్టుకునే గుణం గలవి బతుకుతాయి, లేనివి నశిస్తాయి" అని చెప్పి రాయిస్తుంటే రెండో బెంచీలో వెంకటవ్వ లేచి నిలబడింది. తరగతిలో ఉన్న ఆడపిల్లలు నలుగురే. ఈమె చెరుకు రైతు ఎర్రన్న కూతురు, ఆ ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషి.

"సార్, మా తోటల చెర్కంత లోపల ఎర్రగ కుళ్లి సచ్చింది. ఒక్క మూలకు పది గుంటలే పచ్చగున్నది. గది ఎందుకు బతికింది సార్?"

బాపురావు చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. పదేళ్లకు ఒక ప్రశ్న! పురాణంలో వంకాయలనుకున్నవి చేనులో కాస్తాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

"గదే బిడ్డా, గదే పరిణామమంటే! తెగులుకు తట్టుకునే గుణం ఆ పది గుంటల చెర్కుల ఉన్నది. దాన్నే విత్తనం పెట్టుమను మీ బాపుకు."

ఆ సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి పోయాడు. ఏమైందని భార్య రాధాబాయి భయపడింది కూడా.

చెరుకుకు గింజ నాటరు. గడను మూడేసి కళ్లుండేటట్టు ముక్కలుగా నరికి చాళ్లలో పడుకోబెడతారు. కంటి నుంచి మొలక లేస్తుంది. తెగులు తగిలిన తోటలోవి నాటొద్దు, కొత్త విత్తనం తెచ్చుకొమ్మని చెరుకు ఇన్‌స్పెక్టరు ఎర్రన్నకు చెప్పే పోయాడు. అయినా ఎర్రన్నకు ఇన్‌స్పెక్టరు కంటే బిడ్డకు చదువు చెప్పే సారే పెద్ద. ఆ పది గుంటల, అంటే పావెకరం, చెరుకునే నరికి రెండున్నర ఎకరాల్లో నాటాడు.

జూన్‌లో పిల్లలు పదో తరగతికి వచ్చారు. ఆషాఢంలో ఒకరోజు బాపురావు మొక్కల వ్యాప్తి గురించి చెప్పాడు. గింజ నుంచి వచ్చే మొక్క వేరు, ముక్క నుంచి వచ్చే మొక్క వేరు అన్నాడు. ముక్క నుంచి వచ్చింది తల్లికి బిడ్డ కాదు, అచ్చంగా తల్లే, గుణంలో వెంట్రుకవాసి కూడా తేడా ఉండదన్నాడు. ఉదాహరణకు చెరుకు అని కూడా ఆయనే అన్నాడు. వెంకటవ్వ పెన్ను ఆపి తనవైపే చూడడం ఆయన గమనించాడు. పిల్లకు తలనొప్పేమో అనుకున్నాడు.

దసరా సెలవులు అయిపోయి పది రోజులైనా వెంకటవ్వ బడికి రాలేదు. పక్క పిల్లను అడిగితే, "మళ్ల కుళ్లిందంట సార్ వాళ్ల చెర్కు. నాటిన రెండున్నర ఎకరాలంత. బడి బంద్ చేపిచ్చిన్రు" అంది.

బాపురావు టీచర్ల గదిలో కూలబడ్డాడు. ఫిబ్రవరిలో చెప్పిన పాఠం, ఆషాఢంలో చెప్పిన పాఠం ఆయన తలలో అప్పుడు మొదటిసారి పక్కపక్కన కూర్చున్నాయి. తోటంతా ఒకే చెరుకు ముక్కలైతే, ఒక మూలకు మాత్రం ప్రత్యేక గుణం ఎక్కడినుంచి వస్తుంది? రెండు పాఠాలూ ఏటా తన నోటితోనే చెబుతున్నాడు. ఒక్క ఏడాది కూడా ఒకదాన్ని తెచ్చి ఇంకొకదాని ముందు పెట్టలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. తన మాట తనే వినని వాణ్ని ఏమనాలో ఆయనకు తోచలేదు.

ఆదివారం సైకిలు తొక్కుకుంటూ పోయాడు. గట్టు మీద ఉండగానే పులిసిన కల్లు వాసన వచ్చింది. ఎర్రన్న కొడవలితో ఒక గడను నిలువునా చీల్చి చూస్తున్నాడు. లోపలంతా ఎరుపు, మధ్య మధ్య తెల్లటి మచ్చలు. కొంచెం దూరంలో వెంకటవ్వ ఎండిన గడలు మోస్తోంది.

"ఎర్రన్నా, ఆ పది గుంటలు ఎత్తు మీద ఉంటయా?" పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

"జానెడు ఎత్తు సారూ. వాన నీళ్లు నిలువయ్."

"అంతే. గీ తెగులు నిలిచిన నీళ్లెంబడి పాకుతది, అది అందుకే బతికింది. చెర్కు గుణం గాదు, నేల ఎత్తు. నేను నీ బిడ్డకు తప్పు చెప్పిన. నీ పంట నేనే ముంచిన."

తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా. ఎర్రన్న కొడవలి మొన మట్టిలో గుచ్చి నవ్వాడు, అలసిపోయిన నవ్వు.

"నువ్వు జెప్పింది తప్పెట్లయితది సారూ? బతికేటియి బతుకుతయి, సచ్చేటియి సస్తయి అంటివంట. మాది సచ్చే రకం. మా బాపు ఏలిముద్ర, నేను ఏలిముద్ర. గీ పిల్లకు సదువేడికెల్లి అబ్బుతది? ముక్క ఎట్లనో మొలక గట్లనే. అందుకే బంద్ చేపిచ్చిన."

పంట పోయిన మాటకంటే ఈ మాట బాపురావును ఎక్కువగా కోసింది. తను బోర్డు మీద రాసిన వాక్యం వచ్చి ఈ మనిషి మెడ మీద కూర్చుంది.

"ఎర్రన్నా, చెర్కును ముక్క పెడతం, అందుకే అది మారది. నీ బిడ్డ ముక్కకు మొలిసింది గాదు. తల్లిది కొంత వస్తది, నీది కొంత వస్తది, మీ ఇద్దరిలో కనబడనిది కొంత వస్తది. లోకంల కొత్తది ఏది పుట్టినా గా కొంతలకెల్లే పుట్టింది. పదేండ్ల సంది నేను చెప్పాల్సిన పాఠం గిదే. చెప్పలే. నాకే ఇయ్యాల అర్థమైతున్నది."

వెంకటవ్వ మోపు కింద పడేసి దగ్గరికి వచ్చింది.

"నాకు ఆషాఢంలనే ఎరుకైంది సార్. మీరు ముక్కల పాఠం జెప్పిన్నాడే. అప్పటికే మా బాపు నాటిండు."

"మరి అడగకపోతివేం బిడ్డా?"

"మీకు గూడ ఎరుకైతదని సూసిన సార్. రోజు సూసిన."

బాపురావు తల ఎత్తలేకపోయాడు. ఎర్రన్న చాలాసేపు కూతురి వైపు, కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. పంపుతాననలేదు, పంపననలేదు. "చాయ్ తాగి పో సారూ" అన్నాడు.

సోమవారం రెండో బెంచీలో వెంకటవ్వ ఉంది. బాపురావు పుస్తకం తెరవలేదు. బోర్డు తుడిచి, పిల్లల వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు.

"పోయిన తరగతిల నేను మీకు చెర్కు గురించి ఒక తప్పు చెప్పిన. దానికి ఒకరి తోట పోయింది. ఇయ్యాల అది సరిగ్గ చెప్త."

చివరి బెంచీ నుంచి ఎవరో అడిగారు.

"ఇది రాసుకోవాల్నా సార్?"

"రాసుకోండి."

నలభై పెన్నులు కదిలాయి. వెంకటవ్వ మాత్రం పుస్తకం తెరవలేదు. చేతులు కట్టుకొని, ఆషాఢం నుంచి ఎదురుచూస్తున్న మాట కోసం ఆయన వైపే చూస్తూ కూర్చుంది.