చిన్నోడు నోరు తెరవలేదు

మా పాస్టరు గారి పేరెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేనేదో పెద్ద భక్తురాలినని ఎవరూ మోసపోకూడదు.

మా తమ్ముడికి జుట్టు నెరుస్తోంది, అయినా ఇంట్లో చిన్నోడే. వయసుతోపాటు బుద్ధి ఎదగలేదని డాక్టర్లు అన్నారు. నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. వాడినీ వెంటబెట్టుకు వెళ్తాను. వేడి వేడి దుప్పటికి ఆ కొస వాడు పట్టుకుంటే ఈ కొస నేను పట్టుకుని మడతపెడతాం. ప్రతి దుప్పటికీ వాడు కళ్ళు మూసుకుని, దాన్ని కప్పుకునేవాళ్ళకు జ్వరం తగ్గాలని ఏసయ్యను అడుగుతాడు. పని ఆగిపోతోందని సూపర్‌వైజరు నెత్తీ నోరూ బాదుకుంటాడు.

చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచినప్పుడల్లా వాడు చెయ్యి చాపుతాడు. పాస్టరు గారు వాడిని దాటేసి పక్కవాళ్ళకు ఇస్తారు. అర్థం తెలియనివాళ్ళు ప్రభువు బల్లలో పాలుపొందకూడదట. నేను గొడవ చేస్తే, ఒకసారి వాడిని తన గదిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టారు.

"పాపమంటే ఏంటి బాబూ?"

"అక్క కూర మాడ్చేసి నా మీద అరవడం."

"మరి యేసుప్రభువు ఎవరు?"

"నావాడు."

పాస్టరు గారు నావైపు తిరిగి, "చూశావా అమ్మా, వీడికేం తెలియదు" అన్నారు. ఇంకేం తెలియాలి? ఆ రోజునుంచీ ఆయన ఎక్కడ కనిపిస్తే అక్కడ దులిపేశాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ మిగిలిన తిట్లు తిట్టుకునేదాన్ని. చిన్నోడు పక్కన కూర్చుని అన్నీ వినేవాడు.

చివరికి నా నోటికి జడిసి సంఘపెద్దలు దిగొచ్చారు. "సరేలేమ్మా, ఈ ఒక్కసారికి కానిద్దాం" అన్నారు పాస్టరు గారు. ఈ ఒక్కసారికట! ఆయన ఇంట్లో వండి తెచ్చి పెడుతున్నట్టు.

ఆ ఆదివారం చిన్నోడు తెల్లచొక్కా వేసుకుని ముందు బెంచీలో కూర్చున్నాడు. రొట్టె పంచేముందు మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. "మీలో ఎవరికైనా ఎవరిమీదైనా కోపం ఉంటే, ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడి రండి" అని ఏసయ్య చెప్పిన మాట చదువుతారు పాస్టరు గారు. అందరం తలలు వంచుకుంటాం. ఒక్కరూ కదలరు. తోడికోడళ్ళు ఇద్దరు మొహమొహాలు చూసుకోవడం మానేసి ఎన్నాళ్ళో అయింది. వాళ్ళూ భక్తిగా తలలు వంచుకుంటారు. కాసేపాగి లైను కడతాం.

చిన్నోడు లేచి నిలబడ్డాడు. బాత్రూముకేమో అనుకున్నాను. నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"రా అక్కా."

"కూర్చోరా, ఇంకా పిలవలేదు."

"వెళ్ళమన్నారు కదా. నీకు పాస్టరు గారంటే కోపం. రోజూ తిడతావు."

వాడికి గుసగుసలాడటం రాదు. చర్చంతా విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. వీడికోసం కాదూ నేను అందరికీ చెడ్డయింది! వాడు నన్ను బల్లదాకా ఈడ్చుకుపోయాడు. పాస్టరు గారు ఈ గోల సద్దుమణిగితే చాలన్నట్టు, గబగబా రొట్టె ముక్క తీసి వాడి నోటికి అందించారు. ఇన్నేళ్ళూ నేను పోట్లాడింది ఆ ముక్కకోసమే.

చిన్నోడు నోరు తెరవలేదు. తల అడ్డంగా ఊపాడు.

"ముందు అక్క."

"తినరా!" పళ్ళు కొరికాను. "నీకోసమే కదరా ఇదంతా!"

వాడి కళ్ళు రొట్టె మీదే ఉన్నాయి. గుటకలు మింగుతున్నాడు. అక్కడున్న అందరికన్నా వాడికే అది ఎక్కువ కావాలి. నాకోసం ఆగాడు.

"నాకు కోపం పోలేదురా." చర్చి అని కూడా చూడకుండా అరిచాను. "నిన్ను అందరిముందూ కుక్కను దాటినట్టు దాటిపోయాడు ఈయన. పోదు నాకు!"

"ఉంటే ఉండనీ. ఆయనకు చెయ్యివ్వు."

పాస్టరు గారు పళ్ళెం బల్లమీద పెట్టేశారు. మొహం కందిపోయింది. "తప్పు నాదేనమ్మా" అన్నారు మెల్లగా. ఆ మాటకోసం ఎంత కాచుకున్నానో! తీరా విన్నాక, ఇంకో నాలుగు దులపాలనిపించింది. నోటిదాకా వచ్చాయి కూడా. చిన్నోడు నా వీపుమీద చెయ్యి వేసి తోశాడు.

చెయ్యి ఇచ్చాను. కోపం కడుపులో అలాగే ఉంది. అది పోయాక సమాధానపడదామని నేను కూర్చుంటే ఈ జన్మకు లేచేదాన్ని కాదు. చిన్నోడికి అలాంటి లెక్కలు రావు. ఏసయ్య వెళ్ళమన్నాడు, వెళ్ళాలి. అంతే. అంత చిన్న సంగతి నాకు ఎవరూ నేర్పలేదు.

అప్పుడు వాడు నోరు తెరిచాడు. పాస్టరు గారు రొట్టె ముక్క పెట్టారు. వాడు తీరిగ్గా నమిలి మింగి, బెంచీలవైపు తిరిగాడు.

"మీరెవరూ లేవరేంటి?" అని అడిగాడు, నిజంగానే అర్థంకాక.

నా వెనక లైను కట్టడానికి ఎవరూ రాలేదు. జవాబు వచ్చేదాకా కదిలేది లేదన్నట్టు చిన్నోడు అక్కడే నిలబడ్డాడు. ఈసారి నేను వాడిని కూర్చోమనలేదు.