అవ్వకు పెట్టిన ఒక్క గుడ్డు

మా అక్క రాధాబాయి మీద నాకున్న కోపం ఇప్పట్లో పోయేది కాదు. రెంజల్‌లోని అత్తగారింటి నుంచి బట్టలు సర్దుకుని వచ్చి, మమ్మల్ని కన్న అవ్వను తిండి లేకుండా ఎండబెట్టి, నింద నా మీద వేసి పోయింది.

అవ్వకు డెబ్బై నాలుగేళ్లు. నల్లా దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్‌లో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది, పైసా పడలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ శైలజ నన్ను పక్కకు పిలిచింది.

"అవ్వ ఒంట్ల మాంసం లేదు. దినాం రెండు గుడ్లు, పప్పు, పాలు పెట్టాలె. ఇటుకలు లేకుంటే మేస్త్రి గోడ ఎట్ల కడ్తడు?"

ఆరో తరగతితో బడి మానేసిన నాకే అర్థమైంది. అక్కకు కాలేదు. బోధన్‌లో మా ఇంట్లో కాలు పెట్టగానే కందిపప్పు డబ్బా అటకెక్కించింది.

"పప్పు తింటే కుట్లు చీము పడతయ్. గుడ్డు వేడి చేస్తది. ఇరవై ఒక్క దినం పథ్యమే."

"డాక్టరమ్మ పెట్టుమన్నది అక్కా."

"డాక్టరమ్మ ఎందర్ని కన్నది? నేను ముగ్గుర్ని కన్న, మూడుసార్లు పథ్యం చేసిన. ఆరో తరగతి సదివి నాకు చెప్తవా నాగేందరూ?"

రెండు పూటలా మెత్తటి అన్నం, మిరియాల చారు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి "బిడ్డ అంటే గిట్లుండాలె" అని మెచ్చుకుని పోయేవారు.

పదో రోజుకు అవ్వ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కుట్ల దగ్గర పచ్చి ఆరలేదు. అక్క బట్టలు ఉతుకుతుండగా ఒక గుడ్డు ఉడకబెట్టి తీసుకుపోయాను.

"అక్కకు ఎరుకైతే తిడ్తది కదరా."

"నువ్వు గుడ్డు తిను అవ్వా, తిట్లు నేను తింట."

తిన్నది. వేళ్లు కూడా నాకింది.

గుడ్డు తిన్న మూడో రోజు కుట్లు విచ్చుకుని చీము కారింది. భయంతో అవ్వే గుడ్డు సంగతి చెప్పేసింది. అక్క వాకిట్లో నిలబడి, "కన్నతల్లికి గుడ్డు పెట్టి సంపుతున్నడు" అని వాడంతా వినేలా అన్నది.

జ్వరం ముదిరి ఒళ్లు కాలిపోతుంటే కార్డు చెల్లదని తెలిసినా దగ్గరలోని ప్రైవేటు దవాఖానకు ఎత్తుకుపోయాను. తిండి లేకనే గాయం మానలేదని అక్కడి డాక్టర్ అక్క ముందే చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపి, బయటికి వచ్చాక, "గాయినకు గుడ్ల దుకాణంల పొత్తు ఉన్నట్టుంది" అన్నది.

రాడ్ తీసి, లోపల కడిగి, మళ్లీ వేశారు. పంతొమ్మిది రోజులు ఉన్నాం. ఈసారి మంచం పక్కన నేనే కూర్చున్నాను. పప్పు ముద్ద నోటి దగ్గర పెడితే అవ్వ మొహం తిప్పుకుంది.

"వద్దు బిడ్డా. గా ఒక్క గుడ్డే ఇంతపని చేసింది. అక్క మాట ఇనేదుండె."

నాకు ఏడుపు కాదు, ఒళ్లు మండింది. అయినా బతిమాలి, కసిరి, ముద్ద ముద్దా తినిపించాను. గాయం మానింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. చూడటానికి వచ్చిన వాళ్లకు మాత్రం, మా నాగేందర్ గుడ్డు పెట్టి నన్ను మంచాన పడేసిండని చెబుతోంది.

దవాఖాన బిల్లు కోసం మా చెరకు చేను పక్క చేని భీమన్నకు అమ్మి రాసిచ్చాను. బోరుతో సహా ఇరవై మూడు గుంటలు.