ఆరేళ్ళ మట్టి

గైడు గుండెపోటుతో పోయిన పదిహేను రోజులకు, ఇంకో గైడును వెతుక్కోమని డిపార్ట్‌మెంటులో ఆమెకు చెప్పారు. అప్పటికి ఆమె పరిశోధనలో చేరి ఆరేళ్ళయింది. ఆ యూనివర్సిటీలో మట్టి మీద పనిచేసినవాడు ఆయనొక్కడే.

ప్రొఫెసర్ల గదుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఒకాయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "తీసుకుంటానమ్మా. కానీ నాది నీళ్ళ మీద పని. మళ్ళీ మొదటినుంచీ రావాలి," అన్నాడు.

అన్నయ్యకు ఫోన్ చేసింది. ఇక్కడ ఫీజు నామమాత్రం కాబట్టే ఇంట్లోవాళ్ళు ఆమెను ఇంతదాకా చదివించగలిగారు.

"చదువంటే దాదాపు ఊరికే వచ్చింది, కాదనను," అన్నాడు అన్నయ్య. "ఏళ్ళు కూడా ఊరికే వస్తాయేంటమ్మా?"

అయినా ఆమె మర్నాడు వెళ్ళి కొత్త గైడు దగ్గర చేరుతున్నట్టు సంతకం పెట్టింది.

ల్యాబ్‌లో ఆమె పాత బీరువా వెంటనే ఖాళీ చెయ్యమన్నారు. అందులో మూడొందల సీసాల మట్టి ఉంది. ఒక్కోదానిమీద ఆమె చేతిరాతలో పొలం గుర్తు, తేదీ ఉన్నాయి. ల్యాబ్ అటెండరు తోపుడుబండి తెచ్చాడు.

"నేను పారబోసొస్తాలే తల్లీ. నువ్వు చూడకు."

"వద్దు బాబాయ్. తవ్వి తెచ్చింది నేనేగా."

భవనం వెనక ఒక్కో సీసా మూత తీసి గుమ్మరించింది. ఎర్రమట్టి, నల్లమట్టి, చవుడు కలిసిపోయి ఒకటే కుప్పయింది. సగం అయ్యేసరికి చేతిలో సీసా కింద పెట్టేసింది. మిగతావి అటెండరే పారబోశాడు.

ఆమె కాసేపు మెట్లమీద కూర్చుని, లేచి కుళాయి దగ్గరికెళ్ళి సీసాలు కడగడం మొదలుపెట్టింది. నీళ్ళ నమూనాలకు వేరే సీసాలు ఇవ్వరు.