టైటస్ షెడ్డు నీడ

అల్లూరులో కలుపు తీసే ఆడోళ్ళు పొద్దున్నే చెట్టు నీడని చాపలాగా చుట్టి, చంకన పెట్టుకుని చేలోకి పోతారు. గట్టు మీద పరుచుకుని అన్నం తిని, సాయంత్రం తెచ్చి ఎవరి చెట్టు కింద వాళ్ళు వేసేస్తారు. ఫేబీ వాళ్ళమ్మ పుష్పకుమారి కూడా అంతే.

ఆ చలికాలం ఫేబీ అక్క వినీల కాన్పయి పుట్టింట్లోనే ఉంది. బాలింతకీ బిడ్డకీ రోజూ వేడినీళ్ళు కావాల. కట్టెల పొయ్యి పెడితే పొగకి బిడ్డ దగ్గతా ఉంది.

పక్కింటి టైటస్‌కి గీజర్ల షాపుంది. "మన షాపులో కరెంటు గీజరు తీసుకోండి పాపా," అన్నాడు.

"బిల్లు నువ్వు కడతావా అన్నా?" అనింది ఫేబీ.

ఎండకి నీళ్ళు కాగే సోలార్ హీటర్లు బిగించే మాలకొండయ్యని పిలిపించింది. ఆయన బోరు నీళ్ళు నోట్లో పోసుకుని ఊసినాడు. "ఉప్పు! రాగి గొట్టాలైతే గార కట్టి మూసుకుపోతాయి మే. గాజు గొట్టాలది పెట్టుకో," అని మిద్దె మీద దక్షిణం మొహంగా బిగించి పోయినాడు. నీళ్ళు పొగలు కక్కినాయి.

వారం తిరక్కుండా టైటస్ తన మిద్దె మీద, సరిగ్గా వీళ్ళ వైపు అంచున, ఎత్తుగా రేకుల షెడ్డు లేపినాడు. దాని కింద కుర్చీ గూడా లేదు. చలికాలం ఎండ ఏటవాలు గదా, నీడంతా వచ్చి గాజు గొట్టాల మీద పడింది.

"ఏందన్నా ఇది?"

"నా మిద్దె, నా రేకులు. నీళ్ళు కాగకపోతే గీజరు కొనుక్కో," అని పళ్ళికిలించినాడు.

ఆ చన్నీళ్ళు పోసుకుని వినీలకి చలిజొరం వచ్చింది. అక్క పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే ఫేబీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"పోనీలే మే, ప్రార్థన చేద్దాం," అనింది పుష్పకుమారి.

"నువ్వు చెయ్యి. నేను మిద్దెక్కతా."

నీడని కొస పట్టి లాగింది. రేకుల నీడ గదా, ముడతలు ముడతలుగా, బరువుగా వచ్చింది. చుట్టి చంకన పెట్టుకుని, టైటస్ టీకి పోయినప్పుడు షాపులో దూరింది. ఆయన కూర్చునే కుర్చీ మెత్తలో దాన్ని కుక్కి, పైన నాలుగు దెబ్బలేసి వచ్చేసింది. ఎవరిది వాళ్ళకిచ్చినట్టే గదా!

సాయంత్రానికి నీళ్ళు కాగినాయి. నాలుగు పూటలు ఒళ్ళు కాపుకుంటే వినీల జొరం దిగింది.

టైటస్‌కి మాత్రం చలి ఎముకల్లోకి దిగింది. మఫ్లరు చుట్టుకుని గిరాకీకి గీజరు ఆన్ చేసి చూపిస్తే, అందులోంచి కుండనీళ్ళు వస్తాయి. "అమ్మేవాడే వణుకుతుంటే మనమేం కొంటాం?" అని జనం బిట్రగుంట షాపులకి పోయినారు. నీడ పెట్టినారని ఊరందరికీ తెలుసు. వెతికి తీసేదానికి ఎవరూ రాలేదు.

ఎండలో నిలబడితేనే ఆయనకి కాస్త ప్రాణం లేచొచ్చేది. ఆఖరికి షాపు మూసేసి, మాలకొండయ్య కింద చేరి, మిద్దెలెక్కి సోలార్లు బిగించే పనిలో పడినాడు.

ఒకరోజు ఫేబీ వాళ్ళ గొట్టాలు కడగను ఆయన్నే పంపినారు. పని అయినా దిగలేదు.

"పాపా, కాసేపు ఈడే కూచుంటా. ఎండ బాగుంది."

ఫేబీ చంకలో బిడ్డని సర్దుకునింది. "కూచో అన్నా. అట్టా జరుగు. నీ నీడ గొట్టాల మీద పడతా ఉంది."

టైటస్ పిట్టగోడ దాకా జరిగినాడు.

"ఇంకా," అనింది ఫేబీ.